నల్లకొంగ కోట పడిపోయిన వైనం

నేను ఒక యుద్ధాన్ని. నవ్వకండి. చీరల పెట్టెంత అట్టపెట్టెలో సర్దేసిన యుద్ధాన్నే అనుకోండి, అయినా యుద్ధాన్నే. నా మూత తీస్తే ఎనిమిది మడతల పటం ఉంటుంది. పటం నడిమధ్య ఒక కొండ, కొండ మీద నల్లకొంగ కోట, చుట్టూ తేనెపట్టు గదుల్లా ఆరుమూలల గళ్ళు. నూట తొంభై అట్టబిళ్ళలు, ఒక్కోదాని మీద ఈటె పట్టినవాడో విల్లు పట్టినవాడో. రెండు పాచికలు. నలభై నల్లటి చెక్క గింజలు. ఆ గింజలే బియ్యం బస్తాలు. పూర్వం జపాను దేశంలో ఒక దొర ఇంకో దొర కోటను ముట్టడించాడట. ఆ ముట్టడిని బల్ల మీద పరుచుకుని ఇద్దరు ఆడుకోవడానికి నన్ను పుట్టించారు.

నా గోడు ఒక్కటే. ముప్పై ఒక్క ఏళ్ళు, తుఫాను ఆదివారాలు తప్ప ప్రతి ఆదివారం నన్ను ఆడారు. ఒక్కసారంటే ఒక్కసారి చివరిదాకా ఆడలేదు. పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టి ముప్పై ఒక్క ఏళ్ళు మంత్రాలు చదివి, తాళి కట్టకుండా లేచిపోతే ఎలా ఉంటుంది? అలా ఉంది నా బతుకు.

నన్ను పుట్టించినవాడు మంచుకొండల్లో ఒక పల్లెబడి పంతులు. ఏడేళ్ళు ముల్లంగి తప్ప ఇంకోటి ముట్టకుండా నన్ను గీశాడు. ఆటకి పన్నెండు నెలలు. నెలకొక చిన్న బొమ్మ పటం అంచున ఉంటుంది. పన్నెండో నెల మంచు కురిసే బొమ్మ. అది గీస్తుంటే పంతులు వేళ్ళు కొంకర్లు పోయాయి. రంగు ఆరడానికి దాన్ని పొయ్యి దగ్గర పెడితే, బొమ్మ ఆరలేదు సరిగదా, పొయ్యి ఆరిపోయింది. నమ్మరా? మీ ఇష్టం. నేను అక్కడే ఉన్నాను.

ఆట తేలికే. ఒకడు కోట లోపలి దొర, ఇంకొకడు బయటి దొర. లోపలివాడికి మొదట పది బస్తాలుంటాయి. నెలకి రెండు తింటారు. అడవి దారిన పాచిక బాగా పడితే ఒక బస్తా దొంగతనంగా తెచ్చుకోవచ్చు. బయటివాడు దారులన్నీ మూసి లోపలివాళ్ళని ఆకలితో మాడ్చాలి. బస్తాలు అయిపోతే కోట పడినట్టు. పన్నెండో నెలలో మంచు కురిసేదాకా లోపలివాడు తట్టుకుంటే బయటివాడు ఇంటికి పోవాలి. చంటిపిల్లలకి కూడా అర్థమవుతుంది. కాకినాడలో ఇద్దరు ముసలివాళ్ళకి మాత్రం కాలేదు.

వాళ్ళ దగ్గరికి రాకముందు నేను ఒక సరుకు ఓడలో వైర్‌లెస్ ఆఫీసరు ఇషిదా దగ్గర ఉండేదాన్ని. పాపం ఒంటరివాడు, రెండు వైపులా తానే ఆడేవాడు. అయినా మోసం చేసేవాడు. తనని తాను మోసం చేసుకుని, దొరికిపోయి, తనమీద తానే అలిగి పడుకునేవాడు.

ఆ ఓడలో వంటవాడు మేరుగు ఎల్లాజీ. కాకినాడ ఏటిమొగ మనిషి. ఒకనాడు అన్నంతో పాటు ఇంత ఆవకాయ వేసి ఇషిదాకి పంపాడు. మొదటి ముద్దకి ఇషిదా చెవుల్లోంచి పొగ వచ్చింది. రెండో ముద్దకి ఓడ కూత కూసింది. మూడో ముద్దకి జాడీ మొత్తం ఇమ్మని వంటగదిలో మోకాళ్ళ మీద నిలబడ్డాడు. జాడీ ఇచ్చాక మిగతావాళ్ళు దొంగిలిస్తారని భయపడి తెచ్చి నాలో దాచాడు! నూనె కారింది. నా నియమాల పుస్తకం పదమూడు పేజీలు. చివరి పేజీ నూనెకి నానిపోయి నా అడుగుకి బల్లిలా అంటుకుపోయింది.

తరవాత ఇషిదా సైగలతో, ఓడ భాషతో, ఎల్లాజీకి ఆట నేర్పాడు. పన్నెండు పేజీలు నేర్పాడు. పదమూడోది ఉందన్న సంగతే మరిచిపోయాడు. మరి నువ్వైనా గుర్తుపెట్టుకోలేదా అని మీరు నన్నడగొచ్చు. అయ్యా, ఆ పేజీ నాకు వీపు. మీ వీపు మీద ఏం రాసి ఉందో మీరు చదువుకోగలరా?

దిగిపోయే రోజున ఇషిదా నన్ను ఎల్లాజీ చేతుల్లో పెట్టి, జాడీ కావలించుకుని వెళ్ళిపోయాడు. ఇరవై ఆరేళ్ళ వంట చాలించి ఎల్లాజీ ఏటిమొగ చేరాడు. అక్కడ అతని భార్య మాణిక్యం, రెండిళ్ళ అవతల ఆమె అన్న తాతారావు. తాతారావు రేవులో లాంచీ నడిపిన సరంగు. బావలిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు కనక, ఎవరు ఎవరిని తిడుతున్నారో పక్కింటివాళ్ళకి తెలియదు.

పెట్టె తెచ్చినవాణ్ణి నేనే కాబట్టి పెద్ద సైన్యం నాదే అన్నాడు ఎల్లాజీ. అలా అతను బయటి దొర అయ్యాడు. తాతారావు కోట లోపలికి దూరాడు. మొదటి ఆదివారమే నాకు అర్థమైంది, నా కొంప మునిగిందని.

దారులన్నీ మూసేశాడు ఎల్లాజీ. బాగానే మూశాడు. నెల గడిచింది. లోపల రెండు బస్తాలు తీసి పక్కన పెట్టాలి. అవి తీస్తుంటే ఎల్లాజీ మొహం వాడిపోయింది.

"బావా, లోపలెంతమంది ఉంటారంటావు?"

"నీకెందుకూ? యుద్ధం చెయ్యి."

"అది కాదు. ఆడోళ్ళూ ముసలోళ్ళూ కూడా ఉంటారు గదా. మనం మనం కొట్టుకుంటే ఆళ్ళేం చేశారు? ఇదిగో, ఈ ఒక్క బస్తా ఉంచు."

తన చేత్తో ఒక గింజ తీసి కోటలో పెట్టాడు! ముట్టడి వేసినవాడు! ఇరవై ఆరేళ్ళు ఓడలో ముప్పై ఇద్దరికి మూడు పూటలా వండి వడ్డించిన చెయ్యి అది. ఎవరి కంచమైనా ఖాళీగా కనిపిస్తే ఆగదు. సిగ్గూ శరమూ లేని తాతారావు ఆ గింజ పుచ్చుకుని, "మా దొరసానికి కందిపప్పు లేదంట, అది కూడా పంపు" అన్నాడు.

అలా నెలకొక బస్తా. అది పంపాలా వద్దా అని ఎల్లాజీ మథనం, అది సరిపోదని తాతారావు దబాయింపు. బొబ్బిలి కోటకి ఎవడైనా ఇలా బియ్యం పంపాడా అని ఒకడు, పంపి ఉంటే కథ వేరుగా ఉండేదని ఇంకొకడు. ఏడో నెల వచ్చేసరికి పొద్దు వాలేది. నన్ను పరిచేది కంచాలు పెట్టే చోట. మాణిక్యం వచ్చి గరిటెతో గుమ్మం మీద టంగుమని కొట్టి, "తీస్తారా, మీ కోట మీద పులుసు పొయ్యమంటారా?" అనేది. గబగబా మడిచేసేవారు. మళ్ళీ ఆదివారం మొదటినుంచి. నా మంచు నెల, పొయ్యి ఆర్పిన నా మంచు నెల, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క బిళ్ళ కూడా దాని దాకా రాలేదు.

ఒకసారి తుఫానులో ఇంట్లోకి ఉప్పుటేరు వచ్చి నన్ను ఎత్తుకుపోయింది. నా మీద ఒక పిల్లి, పిల్లి మీద ఒక కోడి, కోడి మీద వాన. పిల్లి కోడి వంక చూడలేదు, కోడి పిల్లి వంక చూడలేదు. అంత బుద్ధిగల ముట్టడి నేను మరెక్కడా చూడలేదు. నీరు తీశాక ఎల్లాజీ వెతికి తెచ్చుకున్నాడు. పెట్టెలో నాలుగు బిళ్ళలు నాని ఉబ్బాయి, అంతే. ఆ చివరి పేజీ మాత్రం ఊడలేదు. ఆవకాయ నూనె అంటే మాటలా?

ఇంతవరకూ నవ్వారు గదా. ఇక వినండి.

తాతారావు భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి రెండు పూటలా అతని భోజనం చెల్లెలింట్లోనే. ఎవరూ ఏమీ అనుకోలేదు. తాతారావు మాత్రం లోలోపల అనుకునేవాడు. అందుకే వచ్చేటప్పుడు ఊరికే రాడు. రెండు నిమ్మకాయలో, కాస్త కరివేపాకో చేత పట్టుకొస్తాడు. పరాయి కంచం దగ్గర కూర్చునేవాడికి ఆ కరివేపాకే చొక్కా.

ఆ ఆదివారం ఎల్లాజీ బుద్ధి మారింది. ఒక్కసారైనా కోట పడగొట్టాలని పట్టుబట్టాడు. నాలుగు నెలలు ఒక్క బస్తా పంపలేదు. అడవి దారిన తాతారావుకి ఒక్క పాచికా పడలేదు. ఐదో నెల వచ్చింది. లోపల రెండే బస్తాలు. అవి తింటే సరి, కోట నేలమట్టం. నా బిళ్ళలన్నీ లోపల గలగలలాడాయి. నిజం చెబుతున్నాను, నేను సంబరపడ్డాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

"ఏటి బావా, బస్తా పంపవేటి?" అన్నాడు తాతారావు. అడగడం కూడా కాదు, వాయిదా మరిచిపోయినవాడికి గుర్తుచేసినట్టు.

"పంపను."

"పంపనంటే? ముప్పై ఏళ్ళ ఆనవాయితీ."

ఎల్లాజీకి తిక్క లేచింది. "ఆనవాయితీయా? ఇంట్లోనూ నా కూడే, ఆటలోనూ నా బియ్యమేనా?"

పొయ్యి దగ్గర మాణిక్యం చేతిలో గరిటె ఆగిపోయింది. మాట అన్నాక ఎల్లాజీ మొహమే ముందు తెల్లబోయింది. తాతారావు తన చేతిలోని పాచికలు నెమ్మదిగా పటం మీద పెట్టాడు. లేచాడు. గుమ్మంలో తాను తెచ్చిన కరివేపాకు రెబ్బ ఉంది. అది తీసుకుని మరీ వెళ్ళిపోయాడు.

మనుషులు నన్ను చూసి యుద్ధమంటే ఇంతేగా అనుకుంటారు. వాళ్ళు మూత తియ్యకుండా ఆడిన యుద్ధం ముందు నేనెంత? తాతారావు తలుపేసుకున్నాడు. మాణిక్యం పొద్దున క్యారేజీ పంపితే మధ్యాహ్నానికి అలాగే తిరిగొచ్చేది, మూత కూడా తియ్యకుండా. సాయంత్రం తానే వెళ్ళి తలుపు కొడితే, "ఆకలి లేదమ్మా, పడుకున్నాను" అని లోపల్నుంచి జవాబు. టీ, బన్ను ముక్క, అంతే. తాతారావుది షుగరు ఒళ్ళు. పొద్దునే నర్సు వచ్చి ఇన్సులిన్ పొడిచి వెళ్తుంది.

ఇటు మాణిక్యం మొగుడికి ముట్టడి వేసింది. "మా అన్నయ్య తినేదాకా నీకు చేప ఒండను. నేనూ తినను. చారు ముంత అక్కడుంది, పోసుకో." ఇరవై ఆరేళ్ళు లోకాన్ని పోషించినవాడు పదకొండు రోజులు నీళ్ళ చారుతో గడిపాడు. బుజ్జగిద్దామని రెండుసార్లు బావ గుమ్మం దాకా పోయి, నోరు రాక తిరిగొచ్చాడు. క్షమించమంటే ఏం క్షమించమనాలి? అన్నం దగ్గర అన్న మాట మింగుదామన్నా వెనక్కి పోదు.

పన్నెండో రోజు పొద్దున నర్సు సువార్త నేరుగా మాణిక్యం దగ్గరికి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, నవ్వే మొహం. ఆవేళ నవ్వలేదు.

"మామ్మగారూ, తాతగారికి ఈరోజు షుగరు బాగా పడిపోయిందండి. చేతులు వణికిపోతున్నాయి. పంచదార నీళ్ళు తాగించి వచ్చాను. ఇన్ని రోజుల్నించీ తిన్నాను తిన్నాను అని నాతో అబద్ధం చెప్పి మందు పొడిపించుకున్నారంట. తిండి లేకుండా ఈ మందు పడితే మనిషి నిద్రలోనే పోతాడండి. ఇవాళ మందు వెయ్యలేదు. వెయ్యకపోయినా ముప్పే. ఆయన అన్నం తినాలి, అంతే."

మాణిక్యం చెంగు నోట్లో కుక్కుకుంది. ఎల్లాజీ గోడకి చేరగిలబడి, ఏం చెయ్యాలో తెలియక, నన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు. మనిషికి దిక్కు తోచకపోతే ఏదో ఒకటి పట్టుకుంటాడు. అప్పుడు సువార్త కళ్ళు నా మూత మీద పడ్డాయి.

"కురోసాగి... నల్లకొంగ కోట! ఇది మీకెక్కడిదండీ తాతగారూ?"

ముప్పై ఒక్క ఏళ్ళ తరవాత నన్నెవరో నా పేరుతో పిలిచారు. ఆ పిల్ల జపానులో వృద్ధాశ్రమంలో ఉద్యోగానికని ఏడాదిగా ఆ భాష నేర్చుకుంటోందట. మూత తీసింది. పుస్తకం తిరగేసింది. "చివర పేజీ అంటుకుపోయిందండి" అంది.

"చివర పేజీయా?" అన్నాడు ఎల్లాజీ. "ఆట పన్నెండు పేజీలే గదా."

వంటవాడికి అంటుకున్నది ఊడదీయడం చెప్పాలా? ఇడ్లీపాత్రలో నీళ్ళు మరిగించి, నా అడుగుభాగాన్ని ఆవిరి మీద పట్టాడు. నా వీపు చెమటలు పట్టింది. ఆవకాయ వాసన గుప్పుమంది. పేజీ మెల్లగా లేచింది. సువార్త తెలిసిన అక్షరాలు చదివి, తెలియనివి ఫోనుకి చూపించి, కూడబలుక్కుని చెప్పింది.

పంతులు అక్కడ ఇలా రాశాడు. బయటి దొర తనంతట తాను ఐదు బస్తాలు కోటలోకి పంపితే, లోపలి దొర ఆ ఐదూ పుచ్చుకుంటే, ఆట అక్కడితో ముగిసినట్టే. గెలుపూ లేదు, ఓటమీ లేదు. లోపలి దొర తలుపు తీసి, ఆ బియ్యం తన పొయ్యి మీద వండించి, మొదటి ముద్ద బయటి దొరకి పెట్టాలి. బయటి దొర వంక పెట్టకుండా తినాలి.

నాకు మతి పోయింది. అంటే ప్రతి ఆదివారం ఐదో నెలకే నేను ముగిసిపోయాను! వందల సార్లు ముగిశాను! తాళి ఎప్పుడో కట్టేశారు, నేనే పీటల మీద కూర్చుని ఏడుస్తున్నాను.

ఎల్లాజీ ఆ పేజీ వైపు చాలాసేపు చూశాడు. తరవాత నన్ను చంకలో ఇరికించుకుని చెప్పులైనా వేసుకోకుండా బయలుదేరాడు. వెనక మాణిక్యం, ఆమె వెనక సువార్త.

"బావా! తలుపు తియ్యి."

"నీ కూడు నాకొద్దు. ఎల్లిపో." గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"నా కూడు నేను తేలేదు. నీ కూడు తిందారని ఒచ్చాను."

లోపల మంచం కిర్రుమంది. "ఏటీ?"

"ముప్పై ఏళ్ళు నా దగ్గర బస్తాలు గుంజుకున్నావు. గుంజుకున్నోడు ఒండి పెట్టాలంట. పుస్తకంలో రాసుంది. ఒక్క పూటైనా పెట్టావా నువ్వు నాకు? నా ఇంట్లో కూచుని, నాకు పెట్టాల్సిన అన్నం ఎగ్గొట్టి, పైగా నామీద అలుగుతావేటి?"

"అబద్ధం. నీకు ఆ గీతలు చదవడం రాదు."

"తాతగారూ, నేను చదివానండి," అంది సువార్త. "నిజవేనండి. మొదటి ముద్ద మీ చేత్తో పెట్టాలంట."

అప్పుడు మాణిక్యం తలుపుకి నోరు ఆనించి అంది, "అన్నయ్యా, పన్నెండు రోజుల్నించీ నాకూ కడుపు మాడతంది."

గడియ తీసిన చప్పుడైంది. నూట తొంభై మంది సిపాయిలూ, రెండు పాచికలూ చెయ్యలేని పని.

తాతారావు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బనీను భుజాల మీంచి జారిపోతోంది. సువార్త అతన్ని మంచం మీద కూర్చోబెట్టి రెండు అరటిపళ్ళు తినిపించాకే పొయ్యి దగ్గరికి వదిలింది.

"నాకు ఒండటం రాదు," అన్నాడు తాతారావు.

"సముద్రంలో లాంచీ తిప్పినోడివి, గరిటె తిప్పలేవా? కానీ."

బియ్యం, చారు సరుకులు మాణిక్యం తెచ్చి పెట్టింది. ఎల్లాజీని మాత్రం ముట్టుకోనివ్వలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమన్నారు. ఆ కూర్చోవడం ఏ ఖైదీకీ వద్దు. ఎసరు చాలకపోయినా అనకూడదు, మంట ఎక్కువైనా అనకూడదు. అన్నం అడుగున మాడింది, పైన పలుకుగా ఉంది, నడుమ ముద్దయింది. ఒక్క గిన్నెలో మూడు వంటలు. చారులో గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాడు. దించాక పెట్టడానికి ఆ ఇంట్లో కుదురు లేదు. భార్య పోయాక ఆ ఇంట్లో వంటే లేదు కదా. అటూ ఇటూ చూసి, కుతకుతలాడే చారుగిన్నె తెచ్చి నా మూత మీద పెట్టాడు! నా కేకలు ఎవరికి వినపడతాయి?

తాతారావు ముద్ద కలిపాడు. ఎల్లాజీ నోట్లో పెట్టాడు. ఎల్లాజీ నమిలాడు. కళ్ళ నీళ్ళు జలజలా కారాయి.

"కారమా?"

"ఊఁ."

"వంక పెట్టకూడదు."

"పెట్టలేదు." రెండో ముద్ద మింగి, ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు. "బావా, ఆవేళ నేనన్న మాట..."

"తినేటప్పుడు మాటాడకు," అన్నాడు తాతారావు. తన కంచంలో అన్నం పెట్టుకుని, తలెత్తకుండా, అంతా తిన్నాడు. మాణిక్యం మాడు చెక్క గీకి పెట్టుకుని, అదే బాగుందంది.

బాగుపడింది కదా, ఇంక నీకేం ఏడుపు అంటారు. చెబుతాను. ఇప్పుడు ప్రతి ఆదివారం నన్ను తాతారావు ఇంట్లో పరుస్తారు. పరచగానే ఎల్లాజీ బస్తాలు విసురుతాడు. నెలకి ఒకటి కాదు, మొదటి నెలలోనే ఐదూ! యుద్ధం లేదు, ఎత్తు లేదు, పాచిక లేదు. కోట దొర ఐదూ పుచ్చుకుని పొయ్యి దగ్గరికి పరుగు. వారమంతా రెండు పూటలా చెల్లెలింట్లో తిన్నా, ఆదివారం పూట మాత్రం పెట్టేవాడు తాతారావే. ఇప్పుడు కరివేపాకు ఎల్లాజీ తెస్తాడు. నా మంచు నెల మాత్రం ఎప్పటిలాగే కన్నెపిల్ల.

సువార్త నిరుడు జపాను వెళ్ళింది. వెళ్ళినచోట నా గురించి వాకబు చేసి మాణిక్యానికి ఫోన్ చేసింది. పంతులు పోయాడట. నా తోటి పెట్టెలు ఇప్పుడు ఎక్కడా లేవట. పంతులు ఊరి మ్యూజియంవాళ్ళు నన్ను పంపితే అద్దాల బీరువాలో, చల్లగాలి తగిలేలా, దీపం పెట్టి, కింద పేరు రాసి ఉంచుతామన్నారట. నా అట్టలన్నీ ఒక్కసారి నిక్కపొడుచుకున్నాయి. అద్దాల బీరువా! చల్లగాలి! మా ఊరి మంచు!

ఎల్లాజీ తల గోక్కున్నాడు. తాతారావు వైపు చూశాడు. తాతారావు పొయ్యి మీంచి గిన్నె దించుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఇచ్చేస్తే మరి గిన్నె దేనిమీద పెట్టుకుంటాం బావా?"

అదీ నిజమే అన్నారు అందరూ. తెచ్చి నా మీద పెట్టారు. ఆదివారం తరవాత ఆదివారం, అదే చోట. మూత మీద పంతులు ముల్లంగి తిని గీసిన కోట ముందు గోధుమరంగైంది, తరవాత నల్లబడింది, పోయిన నెల అట్ట పొరలుగా లేచి ఊడిపోయింది. ఇప్పుడక్కడ గుండ్రటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఏ సైన్యమూ పడగొట్టలేని నల్లకొంగ కోట, తాతారావు చారుగిన్నె కింద పడిపోయింది.